కెనార్డా, మామూలు తోక విమానమా? బెంగళూరులో కిట్ ఆర్డర్ పెట్టేముందు చూసుకోవాల్సినవి

సొంతంగా విమానం కట్టుకోవాలనుకునే వాళ్లలో చాలామంది మొదట పడిపోయేది లాంగ్-ఈజీ అనే విమానం ఫొటోకే. ముందు చిన్న రెక్క, వెనక పెద్ద రెక్క, దానికీ వెనక ప్రొపెల్లర్. ఇలా చిన్న రెక్క ముందుండే విమానాన్నే కెనార్డ్ అంటారు. అమెరికా డిజైనర్ బర్ట్ రూటన్ 1970ల చివర్లో గీసిన ఆ ఆకారం ఇవాళ్టికీ కొత్తగానే ఉంటుంది, నాకూ చాలా ఇష్టం. అయినా బెంగళూరులో ఉండి ఇక్కడే ఎగరాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు రన్‌వే తేల్చుకోండి, డిజైన్ సంగతి తర్వాత.

కెనార్డ్ గొప్పతనం నిజమైనదే. వేగం మరీ తగ్గితే ముందున్న చిన్న రెక్కే మొదట స్టాల్ అవుతుంది, అంటే ఎత్తి పట్టే బలం కోల్పోతుంది, ముక్కు దానంతటదే కాస్త దిగుతుంది, వేగం మళ్లీ పుంజుకుంటుంది, పెద్ద రెక్క స్టాల్ దాకా వెళ్లదు. స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకున్నా ముక్కు మెల్లగా పైకీ కిందికీ ఊగుతుందే తప్ప ఒక రెక్క వాలిపోయి గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్పిన్‌లోకి పోదు. కాకపోతే ఇదంతా సీజీ, అంటే విమానం బరువు కేంద్రం, హద్దుల్లో ఉన్నంతవరకే. బరువు హద్దు దాటి వెనక్కి జరిగితే పెద్ద రెక్క కూడా స్టాల్ అయి, ముక్కు దించే దారి లేకుండా విమానం చదునుగా కిందికి దిగిపోయే డీప్ స్టాల్ రావచ్చు. ఆపి ఉంచిన లాంగ్-ఈజీని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి, ముందు చక్రం లోపలికి మడిచి ముక్కు నేలకు ఆనించి ఉంటుంది. ఇంజన్ వెనక ఉంది కదా, పైలట్ దిగితే వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది, అందుకే అలా పెడతారు. ఈ విమానంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, బ్యాగు ఎక్కడ పెట్టారు అన్నది ప్రతిసారీ లెక్క వేయాల్సిందే.

ఇంకోటి, ఫ్లాప్స్, అంటే తక్కువ వేగంలో దిగడానికి రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు. పెద్ద రెక్కకు ఫ్లాప్స్ దించితే ముక్కు కిందికి పోతుంది, దాన్ని పట్టి ఉంచే శక్తి ముందున్న చిన్న రెక్కకు ఉండదు, కాబట్టి లాంగ్-ఈజీకి ఫ్లాప్సే లేవు. గంటకు 130, 140 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదికి వస్తుంది. ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి: బెంగళూరు ఎత్తు దాదాపు 3,000 అడుగులు, 30 డిగ్రీల ఎండ ఉన్న మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి లెక్కేసే ఎత్తు, 5,500 అడుగుల దగ్గరికి పోతుంది. అంటే మీటర్‌లో అదే వేగం కనిపిస్తున్నా నిజంగా 8 శాతం దాకా ఎక్కువ వేగంతో నేల తాకుతారు, టేకాఫ్‌లో ఇంజన్ బలం కూడా తగ్గుతుంది. పొడవైన తారు రన్‌వే లేకపోతే నాకైతే ఇక్కడే కెనార్డ్ మాట ముగిసిపోయినట్టే. గడ్డి, కంకర స్ట్రిప్ అయితే అసలు వద్దు, చక్రాలు లేపిన రాయి నేరుగా వెనకున్న ప్రొపెల్లర్‌లోకే పోతుంది.

తోక వెనకుండే మామూలు డిజైన్‌లో వ్యాన్స్ అనే కంపెనీ కిట్ ఆర్‌వీ-9 తీసుకోండి, ఫ్లాప్స్ దించితే గంటకు 80 కిలోమీటర్ల దగ్గర స్టాల్, చిన్న స్ట్రిప్‌లో కూడా దిగుతుంది. ఇది స్టాల్ అవుతుంది, నిర్లక్ష్యం చేస్తే స్పిన్‌లోకీ పోతుంది, కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని స్టాల్స్ బాగా సాధన చేయాలి.

పని విషయానికొస్తే రెండూ వేర్వేరు ప్రపంచాలు. లాంగ్-ఈజీ, కోజీ లాంటి కెనార్డ్‌లు ఫోమ్ దిమ్మెను వేడి తీగతో కోసి, మీద గ్లాస్ ఫైబర్ గుడ్డ పరిచి, ఎపాక్సీ జిగురు పోసి స్క్వీజీ అనే రబ్బరు పలకతో లాగుతూ చేసే పని. ఎపాక్సీ కలిపాక ఫోన్ మోగినా ఆగడానికి లేదు. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరిన పొర మీద మైనం లాంటి జిడ్డు తేలుతుంది, అది కడిగి రుద్దకుండా మీద ఇంకో పొర వేస్తే రెండూ సరిగ్గా అతుక్కోవు. చెన్నైలో కట్టేవాళ్లకు ఎత్తు సమస్య లేదు గానీ ఈ తేమ గోల ఎక్కువ. ఆ తర్వాత వారాల తరబడి సాండింగ్, ఆ దుమ్ము అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎవరూ ఒప్పుకోరు, పీణ్యా వైపు షెడ్ అద్దెకు చూసుకోవాలి. ఆర్‌వీ కిట్‌లో అల్యూమినియం రేకులకు రంధ్రాలు ముందే ఉంటాయి, క్లీకోలతో (తాత్కాలికంగా పట్టి ఉంచే క్లిప్పులు) బిగించి రివెట్లు కొట్టడమే. రివెట్ వంకర పోతే డ్రిల్‌తో తీసేసి ఇంకోటి కొడతారు. అదే గ్లాస్ ఫైబర్ పొర కింద గాలి చిక్కుకుంటే ఆ ముక్క కోసి మళ్లీ పొరలు వేసుకురావాలి.

కంపోజిట్, అంటే ఈ గ్లాస్ ఫైబర్ పద్ధతే ఇష్టమైనా కెనార్డే కట్టాలని లేదు. బెంగళూరులోని మన ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ 1980లలో లాంగ్-ఈజీ ఆధారంగా ఒక పరిశోధన విమానం ఎగరేసింది, తర్వాత వాళ్లే చేసిన శిక్షణ విమానం హంస కంపోజిటే, తోక మాత్రం వెనకే.

పెట్రోల్ గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది, చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజన్‌కు 10 శాతం వరకే అనుమతి. పైగా కెనార్డ్‌లలో ట్యాంక్ విడిగా ఉండదు, రెక్క మొదట్లోని గ్లాస్ ఫైబర్ భాగమే ట్యాంక్. ఇథనాల్ కొన్ని ఎపాక్సీలను మెత్తబరుస్తుంది. ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోల్) ఎక్కడ దొరుకుతుందో తేలాకే ఇంజన్ ఎంచుకోండి. అలాగే డబ్బు కట్టకముందే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆఫీసుకు వెళ్లి మీరు అనుకున్న మోడల్ పేరు చెప్పి, రిజిస్ట్రేషన్‌కు ఏమేం కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇంకా తేలకపోతే రెండు పనులూ చిన్నగా చేసి చూడండి. వ్యాన్స్ వాళ్లు అమ్మే ప్రాక్టీస్ కిట్ ఒకటి కట్టండి. రూటన్ పద్ధతిలో మొదట చేయించే చదును లేఅప్ ముక్క (గ్లాస్ ఫైబర్ పొరలు ఎపాక్సీతో పరిచింది) కూడా ఒకటి వేయండి, ఆరాక ప్లాన్‌లో చెప్పిన కొలతకు కోసి తూకం వేయండి. చెప్పిన బరువు కన్నా ఎక్కువ తూగితే ఎపాక్సీ ఎక్కువ పోసినట్టు, ఇంకోటి వేయాలి. ఆ రెండోది వేయడానికి ఉత్సాహంగా ఉందా, విసుగ్గా ఉందా అన్నది చూసుకుని ఆర్డర్ పెట్టండి.