ఎంబ్రాయిడరీ మెషీన్ మీద ఫెల్ట్ వేలిబొమ్మ: ఆలివ్ రిడ్లే తాబేలు

ఫెల్ట్‌లో పడుగూ పేకా ఉండవు. పీచును ఒత్తి, ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా చేసిన షీటు అది. నేత బట్టలో సూది దిగితే పోగులు పక్కకు జరిగి, సూది పైకి రాగానే మళ్లీ దగ్గరపడతాయి. ఫెల్ట్‌లో పడ్డ చిల్లు చాలావరకు అలాగే ఉండిపోతుంది. అందుకే జాకెట్ చేతుల కోసం చేసిన ఒత్తు డిజైన్‌ను తెచ్చి ఫెల్ట్ మీద కుడితే, తపాలా బిళ్ల అంచులా చిరిగి చేతిలోకి వస్తుంది. మరోవైపు ఫెల్ట్ అంచు పోగులు ఊడదు, కాబట్టి చుట్టూ శాటిన్ కుట్టు (పక్కపక్కనే ఒత్తుగా పడి బట్టను కప్పేసే కుట్టు) అక్కర్లేదు. ఈ బొమ్మలో ప్రతి కొలతా ఈ రెండు గుణాల నుంచే వచ్చింది: ఎంత తక్కువ చిల్లులు పడితే బొమ్మ అంత గట్టిగా ఉంటుంది.

విశాఖ తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలునే నమూనాగా తీసుకుందాం. ఆకారం తేలిక, రంగులు తక్కువే.

ఏం కావాలి

1 నుంచి 1.5 మి.మీ. మందమున్న మెత్తని ఫెల్ట్ తీసుకోండి. పూర్ణా మార్కెట్ వైపు టైలరింగ్ సామాను దుకాణాల్లో అడిగినా, స్టేషనరీ దుకాణాల్లో చూసినా, షీటును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఒకచోట పలుచగా, ఒకచోట దట్టంగా కనిపిస్తే వద్దు. పలుచని చోటే కుట్టు తెగుతుంది. అట్టలా బిరుసుగా ఉండే రకం అలంకరణకు బాగుంటుంది గాని, వేలికి తొడగడానికి పనికిరాదు. ఒంటికి బూడిద రంగు, డిప్పకు ఆలివ్ ఆకుపచ్చ. పిల్ల తాబేలు చేయాలంటే మొత్తం ముదురు బూడిద రంగే వాడండి. ఇసుకలోంచి బయటికొచ్చే పిల్లలు ఆకుపచ్చగా ఉండవు.

ఒక బొమ్మకు 7×9.5 సెం.మీ. ముక్కలు రెండు కావాలి, ముందుకొకటి, వెనక్కొకటి. ఎ4 షీటులో ఇలాంటివి తొమ్మిది వస్తాయి. నాలుగు బొమ్మలు పోగా మిగిలిన ముక్కలోంచి రెక్కల్లాంటి కాళ్లు, ఒక్కోటి 2.5×1.2 సెం.మీ., కత్తిరించుకోవచ్చు. డిప్ప 4.2 సెం.మీ. పొడవు, 3.2 సెం.మీ. వెడల్పు.

75/11 ఎంబ్రాయిడరీ సూది, 40 నంబరు పాలిస్టర్ దారం, బట్ట కింద ఆధారంగా ఉండి, చింపితే ఊడొచ్చే బ్యాకింగ్ పేపర్, మాస్కింగ్ టేప్, పట్టకారు, మొన పదునుగా ఉన్న చిన్న కత్తెర. 10×10 సెం.మీ. ఫ్రేమ్‌లో ఒక బొమ్మ, 13×18లో రెండు కుట్టొచ్చు.

పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రానికి దగ్గరి చోట్ల సూదులు తుప్పు పడతాయి. కంటికి కనిపించని గరుకు కూడా ఫెల్ట్ పీచును కిందికి లాగేస్తుంది. సూదుల్ని సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. కుట్లు నూగులో మునగకుండా ఫెల్ట్ మీద పరిచే, నీళ్లలో కరిగే ఫిల్మ్ వాడేవాళ్లు దాన్ని జిప్ కవర్లోనే ఉంచాలి. తేమ పీల్చిందంటే సాగిపోతుంది.

కొలత, డిజైన్

తొడిగే వేలి మధ్య కణుపు చుట్టూ టేపు పెట్టి కొలవండి. అందులో సగానికి 8 నుంచి 10 మి.మీ. కలిపితే కుట్టుకూ కుట్టుకూ మధ్య వెడల్పు వస్తుంది. చుట్టుకొలత 6.8 సెం.మీ. అయితే సగం 3.4, దానికి 1 కలిపి 4.4 సెం.మీ. ఇక్కడి కొలతలన్నీ ఆ లెక్కవే. పిల్లల వేలికి చేసేటప్పుడు మొత్తం డిజైన్‌ను కుదించకండి. కుదిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో కుట్లు కూడా దగ్గరపడతాయి. శరీరం బయటి గీతను మాత్రం లోపలికి జరిపి, కుట్టు పొడవు అలాగే ఉంచండి.

గీయడానికి ఇంక్‌స్కేప్‌లో పనిచేసే ఇంక్‌స్టిచ్ ఉచితంగా దొరుకుతుంది. బ్రదర్ మెషీన్‌కు పీఈఎస్, ఉషా జనోమ్‌కు జేఈఎఫ్ ఫైలుగా దాచుకోవాలి. ప్రతి దశకూ వేరే రంగు ఇవ్వండి, మెషీన్ ఆగడానికి అది తేలికైన దారి. నిజంగా అక్కడ దారం మార్చాలా వద్దా అన్నది మీ ఇష్టం.

బయటి గీత అడుగున 4.4 సెం.మీ. వెడల్పు, తల దగ్గర 2.4, ఎత్తు 7 సెం.మీ. ఈ గీతకు బీన్ కుట్టు ఇవ్వండి. అది ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు అదే చిల్లుల్లో నడుస్తుంది కాబట్టి మూడు పోగుల బలం వస్తుంది, కొత్త చిల్లులు పడవు. పొడవు 3 మి.మీ., మెడ వంపులో 2.5. అంతకన్నా తగ్గించొద్దు.

డిప్ప మీద గీతలకూ ఇదే కుట్టు. ఒంటి పోగు పరుగు కుట్టు ఫెల్ట్ నూగులో మునిగి కనబడదు. ఆలివ్ రిడ్లేకు డిప్ప రెండు పక్కలా సాధారణంగా ఆరు లేదా అంతకంటే ఎక్కువ పెంకులుంటాయి, రెండు వైపులా లెక్క సమానంగా ఉండాలనీ లేదు. 4.2 సెం.మీ. డిప్పలో 7 మి.మీ.కొక గీత చొప్పున ఐదు గీతలు పెడితే ఆరు పెంకులు సరిగ్గా పడతాయి. కళ్లు 4 మి.మీ. గుండ్రాలు, శాటిన్ కుట్టు, వరసల మధ్య 0.45 మి.మీ. కింద ఒక పలుచని ఆధారపు కుట్టు వేస్తే కన్ను నూగులోకి దిగిపోదు.

కుట్టే వరస

ఫ్రేమ్‌లో బ్యాకింగ్ పేపర్ మాత్రమే బిగించండి. ఫెల్ట్‌ను బిగిస్తే ఫ్రేమ్ ముద్ర పడుతుంది, మళ్లీ చెరగదు. వేగం నిమిషానికి 400 కుట్లు చాలు.

మొదట పేపర్ మీద చోటు గుర్తు కుట్టించి, ముందు ముక్కను దాని మీద పరచండి. ఇక్కడే చాలా డిజైన్లు తప్పు చేస్తాయి: ముక్కను పట్టి ఉంచే కుట్టును చివరి కుట్టు గీత మీదే వేస్తాయి. ఒకే గీతలో రెండు వరసల చిల్లులు పడితే అంచు ఊడుతుంది. దాని బదులు 6×8.5 సెం.మీ. దీర్ఘచతురస్రంగా, 6 మి.మీ. పొడుగు కుట్లతో, బొమ్మకు బయట టాకా వేయించండి. తర్వాత అది ఎలాగూ పోయేదే.

కాళ్లను పక్కలకు పెట్టి, మొదలు 6 మి.మీ. డిప్ప కిందికి వచ్చేలా సర్దండి. పైన డిప్ప పెట్టి, అంచుకు 2 మి.మీ. లోపలగా బీన్ కుట్టు. తర్వాత పెంకు గీతలు, ఆ తర్వాత కళ్లు. అడుగు అంచు మీద అలంకారంగా ఏదైనా గీత కావాలంటే ఇప్పుడే వేయాలి. వెనక ముక్క అతికాక వేస్తే వేలు పెట్టే నోరు మూసుకుపోతుంది.

ఇప్పుడు కాళ్ల కొసల్ని డిప్ప మీదికి మడిచి టేపు వేయండి. మరిచిపోతే చివరి కుట్టు వాటిని తొక్కేస్తుంది. ఫ్రేమ్‌ను మెషీన్ నుంచి తీసి, పేపర్‌ను మాత్రం ఫ్రేమ్‌లోంచి కదపకుండా, తిరగేసి వెనక ముక్కను అతికించండి. టేపు నాలుగు అంచుల పొడవునా ఉండాలి. మూలల్లో మాత్రమే వేస్తే ఫ్రేమ్ ఎక్కించేటప్పుడు ఫెల్ట్ మెషీన్ బల్లకు రాసుకుని ముడతపడుతుంది. సూది మాత్రం టేపు మీద పడకూడదు; జిగురు అంటిన సూది కుట్లు వదిలేస్తుంది.

బాబిన్‌లో (అడుగు దారం చుట్టే చిన్న చక్రంలో) కూడా బూడిద రంగు దారం పెట్టాకే చివరి కుట్టు మొదలుపెట్టండి, వెనక కనిపించేది అదే. కుట్టు ఎడమ అడుగున మొదలై తల మీదుగా కుడి అడుగుకు చేరి ఆగాలి. రెండు కొసల్లో 6 మి.మీ. వెనక్కి వచ్చి ముడి పడాలి, ఎందుకంటే వేలు తోసే ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ఆ ముడికి 3 మి.మీ. కింద అడుగు కత్తిరించండి. ముడినే కోసేస్తే రెండుసార్లు తొడిగేసరికి కుట్టు విప్పుకుంటుంది.

బయటికి తీశాక ముందు టాకా విప్పండి. కుట్టును బొటనవేలితో నొక్కి పట్టి, రెండు ఫెల్ట్ పొరల మధ్య బయటి పేపర్‌ను చింపండి, ఆ తర్వాతే చుట్టూ 3 మి.మీ. వదిలి కత్తిరించండి. వరస తిరగబడితే అంచులో తెల్ల పేపర్ పీలికలు మిగులుతాయి. లోపలి పేపర్‌ను పట్టకారుతో లాగేయాలి. ఉంచేస్తే చెమటకు నాని ఉండలు కడుతుంది.

తేడా వస్తే

అడుగున దారం ఉచ్చులు పడితే టెన్షన్ (దారం బిగువు) తిప్పే ముందు, బట్టను నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి పైదారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. అయినా తగ్గకపోతే బాబిన్ కేసు తెరవండి. ఫెల్ట్ నూగు మామూలు బట్ట కన్నా చాలా ఎక్కువ రాలుతుంది. బ్రష్‌తో తీయాలి, నోటితో ఊదితే తడి లోపలికి పోతుంది. కన్ను చుట్టూ ఫెల్ట్ గిన్నెలా గుంటపడితే కుట్లు మరీ ఒత్తుగా ఉన్నట్టు; వరసల మధ్య 0.5 మి.మీ.కు పెంచండి. ఇస్త్రీ అవసరమైతే పైన నూలు గుడ్డ వేసి, తక్కువ వేడితో మాత్రమే. పాలిస్టర్, యాక్రిలిక్ ఫెల్ట్ కరుగుతుంది.

కళ్లకు గుండీలు, పూసలు కుట్టొద్దు, చిన్న పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కాళ్లను ఒక్కొక్కటిగా గట్టిగా లాగి చూశాకే పిల్లలకివ్వండి. అమ్మాలనుకుంటే ఇంకో సంగతి ఉంది: 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది గాని, మెషీన్ మీద కుట్టినవి దాని కిందికి వస్తాయో లేదో సరుకు తయారుచేయకముందే అడిగి తెలుసుకోండి.