ఫోన్ మీద నిఘా ఉందని అనుమానమా? ముందు ఇవి చూడండి

సమస్య: కాల్‌లో టిక్ టిక్ శబ్దాలు వస్తున్నాయి, ఫోన్ ఊరికే వేడెక్కుతోంది

ఎవరో వింటున్నారన్న టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. కానీ ఈ లక్షణాలకు కారణం ఎక్కువగా బలహీనమైన సిగ్నల్, పాతబడిన బ్యాటరీ, లేదా వెనకాల నడుస్తున్న ఏదో యాప్. ప్రభుత్వం మామూలు కాల్ వినదలచుకుంటే టెలికాం కంపెనీ దగ్గరే వింటుంది. మీ ఫోన్‌లో చిన్న చప్పుడు కూడా వినిపించదు. *#21# డయల్ చేస్తే నిఘా ఉందో లేదో తెలిసిపోతుందని ప్రచారం ఉంది. అది చూపించేది మీ కాల్స్ వేరే నంబరుకు ఫార్వర్డ్ అవుతున్నాయా లేదా అన్నది మాత్రమే.

బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత వాడుతోందో చూసి, అక్కర్లేనివి తీసేయండి. గుట్టుగా ఉండాల్సిన మాటలు మామూలు కాల్‌లో మాట్లాడకండి. సిగ్నల్ యాప్, వాట్సాప్ లాంటి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడే ఇద్దరికి తప్ప మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా మాటల్ని మార్చేసే పద్ధతి) ఉన్నవాటిలో మాట్లాడండి.

సమస్య: ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లో రాసుకున్నదే బయటికి వచ్చింది

నన్ను అడిగితే అందరూ ముందు చూసుకోవాల్సింది ఇదే. ఇలా జరిగితే ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించారని అనుకుంటాం. నిజానికి అంత కష్టపడాల్సిన పని ఉండదు, దొడ్డిదారులు తెరిచే ఉంటాయి.

మొదటిది లింక్డ్ డివైసెస్. మీ ఫోన్ రెండు నిమిషాలు ఇంకొకరి చేతిలో ఉంటే చాలు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ వాట్సాప్‌ను వాళ్ల కంప్యూటర్‌కు కలిపేసుకోవచ్చు. తనిఖీకని ఫోన్ తీసుకుని మర్నాడు తిరిగిచ్చారని బాధపడుతూ ఒక స్నేహితుడు నా దగ్గరికి వచ్చాడు. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూస్తే కంప్యూటర్ బొమ్మ, పక్కన ఒక బ్రౌజర్ పేరు, కింద చివరిసారి ఎప్పుడు వాడారో ఆ సమయం ఉన్నాయి. ఆయనకు కంప్యూటరే లేదు. ఆ వరుస మీద నొక్కి లాగౌట్ చేశాం. మీరూ ఇప్పుడే తెరిచి చూడండి. మీది కానిది కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత లాగౌట్ చేయండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ కూడా ఆన్ చేసుకోండి.

రెండోది బ్యాకప్. మెసేజ్ ప్రయాణంలో భద్రంగానే ఉంటుంది, కానీ దాని కాపీ రాత్రికి రాత్రి క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో వేరే కంపెనీ నిల్వకు, చేరుతుంది. ఆ కాపీకి తాళం లేకపోతే, అధికారిక ఉత్తర్వు చూపి క్లౌడ్ కంపెనీ నుంచే తీసుకోవచ్చు. చాట్ బ్యాకప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను మనమే ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి దాచుకోండి, అది పోతే బ్యాకప్ తిరిగి రాదు. మీరు అన్నీ చేసినా అవతలివాళ్ల బ్యాకప్‌లో మీ మాటలు ఉంటాయి, వాళ్లతోనూ చేయించండి.

ఇక టెలిగ్రామ్: అందులో మామూలు చాట్‌లకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, సీక్రెట్ చాట్‌కే ఉంది.

సమస్య: మీ మీద స్పైవేర్ దాడి జరుగుతోందని యాపిల్ నుంచి హెచ్చరిక వచ్చింది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెగాసస్ లాంటి స్పైవేర్ (ఫోన్‌లో దూరి గూఢచర్యం చేసే సాఫ్ట్‌వేర్) లింక్ నొక్కకపోయినా లోపలికి రాగలదు. 2019లో వాట్సాప్ కాల్ ద్వారా దాదాపు 1,400 మందిని అలాగే లక్ష్యం చేసుకున్నారు, కాల్ ఎత్తాల్సిన అవసరం కూడా లేకుండా.

హెచ్చరిక నిజమైనదో కాదో చూడాలంటే మెసేజ్‌లోని లింక్ నొక్కకండి. యాపిల్ అకౌంట్ వెబ్‌సైట్‌లో మీరే లాగిన్ అవ్వండి, నిజమైతే పైనే కనిపిస్తుంది. నిజమైన హెచ్చరిక ఎప్పుడూ పాస్‌వర్డ్ గానీ, ఓటీపీ గానీ అడగదు. వెంటనే అప్‌డేట్ చేసి, దాడికి వీలిచ్చే కొన్ని సౌకర్యాలను ఆపేసే లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయండి. కంగారులో ఫోన్ రీసెట్ చేయకండి, సాక్ష్యం పోతుంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే యాక్సెస్ నౌ సంస్థ డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్‌ను వేరే ఫోన్ నుంచి సంప్రదించండి. హెచ్చరిక రాకపోయినా వారానికోసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయడం మంచిది. మెమరీలో మాత్రమే ఉండే స్పైవేర్ దాంతో పోతుంది, అన్ని రకాలూ పోవు.

సమస్య: ఏ లక్షణమూ లేదు

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడి నుంచి మాట్లాడారు అన్న మెటాడేటా సేకరణకు మీ ఫోన్‌ను తాకనే అక్కర్లేదు. అమెరికా ప్రభుత్వం కోట్లమంది కాల్ రికార్డులు ఇలాగే పోగేస్తోందని 2013లో, అక్కడి నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో రుజువైంది. మాట ఒక్కటీ వినకుండానే, మీరు అర్ధరాత్రి ఒక లాయరుకు, వెంటనే ఒక విలేకరికి ఫోన్ చేశారని తెలిస్తే మిగతాది ఊహించుకోవచ్చు.

దీనికి పూర్తి మందు లేదు, తగ్గించుకోవడమే. మీ సమాచారం తక్కువ దాచుకునే యాప్ ఎంచుకోండి. 2016లో అమెరికాలో గ్రాండ్ జ్యూరీ (నేర ఆధారాలు పరిశీలించే పౌరుల బృందం) అడిగినప్పుడు సిగ్నల్ యాప్ సంస్థ ఇవ్వగలిగింది అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్న రెండే. వీపీఎన్ (మీ ఇంటర్నెట్‌ను వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే యాప్) పెట్టుకుంటే మీరు చూసే సైట్లు ఇంటర్నెట్ కంపెనీకి కనిపించవు, వీపీఎన్ కంపెనీకి కనిపిస్తాయి. అందుకే ఉచితంగా వచ్చేదాన్ని నమ్మకండి. యాప్‌లకు ఇచ్చిన లొకేషన్ అనుమతులు ఒక్కొక్కటిగా చూసి, అక్కర్లేనివి ఆపేయండి. కలిసిన చోటు తెలియకూడని రోజున ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్లండి.