చేత్తో చావన్ - 4వ పాఠం: లోపల గీకడం, పాదం చెక్కడం

పోయిన పాఠంలో మట్టి బిళ్ల అంచులు లేపి చావన్, అంటే జపాన్ టీ గిన్నె, నిలబెట్టమన్నాను. చాలామంది గిన్నెలకి ఒకే చోట, అడుగూ గోడా కలిసే మూలలో, పగులొచ్చింది. అది తేలకుండా చెక్కుడు మొదలుపెట్టి లాభం లేదు.

అంచుని ఒక్క ఊపున పైకి మడిచేశారు. అలా మడిస్తే మూల దగ్గర మట్టి బయటివైపు సాగి పలచనవుతుంది, లోపలివైపు ముడత పడుతుంది. ఎండేటప్పుడు మూతి ముందు కుంచించుకుంటుంది, అడుగు ఇంకా తడిగానే ఉంటుంది. ఆ లాగుడంతా ఆ మూలమీదే పడుతుంది. ఈసారి అరచేతులతో నాలుగైదు చుట్లలో, చుట్టుకి కాస్త చొప్పున లేపండి. ప్రతి చుట్టు తరవాతా బొటనవేలితో లోపలి మూలని అదమండి. గిన్నెకింద పాత న్యూస్‌పేపరు వేస్తే అడుగు బల్లకి అంటుకోకుండా జరుగుతుంది. మూతికి రాత్రంతా తడిగుడ్డ చుట్టండి. పొద్దున మూతి బరువు మోయగలిగితే గిన్నెని బోర్లించండి. పగిలినవాటిని జారుమట్టితో పూడ్చకండి. అందులో నీళ్లెక్కువ, కాబట్టి అది ఇంకా ఎక్కువ కుంచించుకుని కాల్పులో మళ్లీ నోరు తెరుస్తుంది. విరగ్గొట్టి నానబెట్టేయండి.

గిన్నె చిన్నదైపోతోందన్నది రెండో ఫిర్యాదు. మీ మట్టి 10 శాతం కుంచించుకునేదైతే, కాల్చాక 12 సెం.మీ. రావడానికి పచ్చిగా 13.3 ఉండాలి. 12కి పదిశాతం కలపడం కాదు, 0.9తో భాగించాలి.

ఇక చెక్కుడు. గోరు నొక్కితే గీత పడాలి, మట్టి మాత్రం గోటికి అంటకూడదు. అదే పదును. నేను లోపలే ముందు గీకిస్తాను. బయటి గోడ మందంగా ఉన్నంతసేపూ చేత్తో గట్టిగా పట్టుకోవచ్చు. వంచి పదునుపెట్టిన ఇనప రేకు చాలు. హ్యాక్సా బ్లేడు ముక్క బయటివైపుకి బాగుంటుంది. గోడ 5 మి.మీ., మూతి 6, నడుము కింద 7, అడుగు 8 ఉంచండి. చావన్‌కి పిడి లేదు, వేడి టీ ఉన్న గిన్నెని రెండు చేతులతో పట్టుకుంటారు. గోడ మరీ పలచనైతే చేతులు కాలతాయి.

అడుగు మధ్యలో 4-5 సెం.మీ. వెడల్పున, 2-3 మి.మీ. లోతున పల్లం తీయండి. దాన్ని చాదమారి అంటారు, ఆఖరి గుక్క అక్కడ చేరుతుంది. దాని అంచు గోడలోకి నున్నగా కలిసిపోవాలి. మెట్టులా మిగిలితే చాసెన్ (టీని గిలక్కొట్టే వెదురు కవ్వం) పుల్లల కొనలు తగిలి విరుగుతాయి.

అన్నిటికంటే విసుగు పుట్టించేది వంకర. ‘వాబి’ (సాదాతనంలో, లోపాల్లో అందం చూసే జపాన్ భావన) పేరుచెప్పి మూతిని రెండువైపులా నొక్కేస్తున్నారు. 16వ శతాబ్దం చివర్లో క్యోటోలో టీ గురువు రిక్యూ కోసం కుమ్మరి చోజిరో చేసిన నల్ల గిన్నె ‘ఓగురో’ చూడండి. దాదాపు గుండ్రటి మూతి, హడావిడి లేని గోడ. వంచిన గిన్నెలు కావాలంటే జపాన్‌లోని మినో బట్టీల కుత్సుగాత (బూటు ఆకారపు గిన్నెలు) ఉన్నాయి. వాటిని చక్రంమీద గుండ్రంగా లాగి తరవాత నొక్కారు. అది వేరే దారి. పైగా నొక్కిన మట్టి ఎండుతూ పాత ఆకారంవైపు లాగుతుంది, నొక్కిన మడతలో పగులుతుంది. కోలగా నొక్కిన గిన్నెలో ఇరుకువైపు చాసెన్ ఆడదు. విచ్చుకున్న చాసెన్ వెడల్పే సుమారు 6 సెం.మీ. గిన్నె తుడిచే చాకిన్ గుడ్డని మూతిచుట్టూ తిప్పి తుడిచేటప్పుడు మూలల్లో ఆగుతుంది. తాగేవాళ్ల పెదవికి ఎక్కడ ఆనించాలో తెలియదు. చేత్తో చేస్తే మూతి ఎలాగూ 2-3 మి.మీ. ఎగుడుదిగుడుగా వస్తుంది, చాలు. కొలబద్ద పెట్టి అడ్డంగా, నిలువుగా మూతి వెడల్పు చూడండి. తేడా 5 మి.మీ. దాటితే అది చెయ్యి తీరు కాదు, వేషం.

పాదం, అంటే గిన్నె నిలబడే వలయం, తేలిక. బోర్లించిన గిన్నె అడుగున 5 సెం.మీ. వెడల్పు వలయం గీయండి, బయటివైపు ముందు చెక్కండి, తరవాత లోపలివైపు. వలయం మందం 6-7 మి.మీ., ఎత్తు 5. బయటి అంచుని ఏటవాలుగా కోస్తే చిట్లదు. లోపల చెక్కుతూ బొటనవేలితో నొక్కినప్పుడు అడుగు కదిలితే ఆపేయండి. మధ్యలో బొడిపె వదిలే అలవాటుంది, నేను తీసేస్తాను.

మట్టి గురించి ఒక మాట. నల్ల రాకుని, అంటే చోజిరో తరహా నల్ల గిన్నెల్ని, సుమారు 1200 డిగ్రీల దగ్గర ఎర్రగా ఉండగానే పటకారుతో బట్టీలోంచి బయటికి లాగుతారు. ఊరి కుమ్మరి ఎర్రమట్టి ఒక్కటీ వాడితే అంత వేడికి ఉబ్బి వంగిపోతుంది. అధిక వేడికి తట్టుకునే మట్టిలో మూడోవంతు గ్రాగ్ (కాల్చి నూరిన మట్టి రవ్వ) కలిపి చేసిన గిన్నెలే తరవాతి పాఠానికి ఉంచండి.

అభ్యాసం: నాలుగు గిన్నెలు చెక్కండి. మూడింటిని, పదునులో ఉండగానే, తీగతో నిలువునా సగానికి కోసి మూతి, గోడ, నడుము, మూల, అడుగు, పాదం దగ్గర మందం కొలిచి రాసుకోండి. ఎక్కడైనా పైన చెప్పిన లెక్కకి 2 మి.మీ. తేడా ఉంటే ఆ మూడూ మళ్లీ చేయాలి. నాలుగోదాన్ని కోయకండి. నీడలో, గాలి నేరుగా తగలకుండా, వారం పైన ఆరనివ్వండి.