పాత స్క్వేర్‌ని చదవడం – 4వ పాఠం: ఒక వైపు ఎందుకు పొట్టిగా ఉంది?

గత పాఠంలో విగ్రహాలనీ, వాటి పీఠాలనీ చూశాం. ఈసారి పైకప్పుల మీద దృష్టి పెడదాం. ఫ్రాన్స్ ఈశాన్యాన నాన్సీ నగరంలో ఉన్న ప్లాస్ స్తానిస్లాస్ అనే స్క్వేర్ (చుట్టూ భవనాలున్న బహిరంగ చోటు) ఫొటోలు రెండు మూడు తెరిచి పెట్టుకోండి. ఒకటి పైనుంచి తీసిందైతే మరీ మంచిది.

నేపథ్యం కొంచెం చాలు. స్తానిస్లాస్ పోలండ్ సింహాసనం పోగొట్టుకున్న రాజు, ఫ్రాన్స్ రాజు 15వ లూయీకి పిల్లనిచ్చిన మామ. 1737లో లొరేన్ ప్రాంతం ఆయన చేతికొచ్చింది. ఆయన పోయాక అది ఫ్రాన్స్‌లో కలిసిపోవాలన్నది షరతు. అల్లుడి గౌరవార్థం ఆయన కట్టించిన స్క్వేర్ 1755లో ప్రారంభమైంది. వాస్తుశిల్పి ఎమ్మాన్యుయెల్ ఎరే. నడిమధ్యన నిలబెట్టిన అల్లుడి విగ్రహాన్ని విప్లవకాలంలో తీసేశారు. 1831 నుంచి అక్కడ మామగారే నిలబడ్డారు.

ఇక అసలు పని. దక్షిణాన ఆ వైపంతా పరుచుకున్నది మునిసిపల్ భవనం. తూర్పు, పడమర వైపుల భవనాలూ దానికి తగ్గట్టు ఎత్తుగానే ఉన్నాయి. ఇప్పుడు ఉత్తరానికి తిరగండి. అక్కడివి బాగా పొట్టివి! డబ్బు చాలక కాదు. ఆ వెనకే అప్పట్లో పాత ఊరి కోటగోడ ఉండేది. బురుజుల మీంచి పేల్చే ఫిరంగులకు అడ్డు రాకూడదని అటువైపు ఎత్తు తగ్గించి కట్టారు. తర్వాత అక్కడి కోటగోడ చాలావరకు పోయింది. ఆ ఎత్తు మాత్రం అలాగే ఉండిపోయింది.

కాబట్టి మూడు వైపులు ఒకలా ఉండి నాలుగోది తేడాగా కనిపిస్తే, దాని వెనక ఒకప్పుడు ఏముండేదో వెతకండి. అలాగని పొట్టి భవనం కనిపించిన ప్రతిచోటా కోటగోడని ఊహించేసుకోకండి. పాత మ్యాప్‌తో సరిచూసుకోవాల్సిందే.

మూలల్లో ఝాన్ లామూర్ చేసిన బంగారు పూత ఇనుప జాలీలున్నాయి. వచ్చినవాళ్లంతా ముందు వాటినే ఫొటో తీస్తారు. తీయాల్సిందే, అంత బాగుంటాయి. మన పాఠానికి మాత్రం ఉత్తరపు పొట్టి గోడలే ముఖ్యం. 1983లో యునెస్కో ఈ స్క్వేర్‌తో పాటు పక్కనున్న కారియేర్, అలియాన్స్ స్క్వేర్‌లనీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2005లో ఇక్కడ కార్లు ఆపేసి, నడిచేవాళ్లకే వదిలేశారు.

అభ్యాసం: శాటిలైట్ మ్యాప్‌లో మునిసిపల్ భవనం నుంచి ఉత్తరానికి తిన్నగా గీత గీయండి. అది ఉత్తరాన ఉన్న విజయ తోరణం కిందుగా కారియేర్ స్క్వేర్‌లోకి వెళ్తుంది. తోరణానికి ఏ పక్కది పాత ఊరు, ఏ పక్కది కొత్త ఊరు? వీధుల వంపుల్ని బట్టే చెప్పండి, ఊరి పేర్లు చూడకుండా. వచ్చే పాఠంలో నేల మీద పరిచిన రాళ్లు చూద్దాం.