కోనసీమ నుంచి క్యూబాకు: టికెట్ కొనడానికి ముందు తేల్చుకోవలసిన సంగతులు

భారతదేశం నుంచి క్యూబాకు నేరుగా వెళ్లే విమానం లేదు. అది ఒక్కటే అయితే పెద్ద చిక్కు కాదు. దారిలో ఎక్కడో ఒకచోట విమానం మారితే సరిపోతుంది. అసలు చిక్కు 1962 నుంచి అమలులో ఉన్న అమెరికా ఆంక్షలతోనే వస్తుంది. ఆ ఆంక్షలు భారతీయులను క్యూబాకు వెళ్లవద్దని అనవు. అయినా మన బ్యాంకు కార్డుకూ, బీమా పాలసీకీ, టికెట్ కొనే వెబ్‌సైటుకూ, అమెరికాలో ఉన్న పిల్లలకూ అవి ఎక్కడో ఒకచోట అడ్డుతగులుతాయి. అందువల్ల మన అలవాటుకు భిన్నంగా ముందు డబ్బు సంగతి, తరువాత దారి సంగతి తేల్చుకుని, టికెట్ ఆఖరున కొనాలి.

అమెరికా బ్యాంకుల కార్డులు క్యూబాలో పనిచేయవు. మన బ్యాంకు కార్డు పనిచేయవచ్చు, పనిచేయకపోవచ్చు. కనుక "ఇంటర్నేషనల్ కార్డే కదండీ" అన్న భరోసాతో బయలుదేరకూడదు. నమ్మదగినది నగదు, అందులోనూ యూరోలు. అయితే విదేశీ నోట్లను ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి ఇవ్వరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఇరాన్, రష్యాలకు వెళ్లేవారికి ఈ పరిమితి నుంచి మినహాయింపు ఉంది కానీ, కార్డు కష్టాలు అంతే ఉన్న క్యూబాకు లేదు. కాబట్టి అక్కడ ఎన్నాళ్లు ఉండగలమో చాలావరకు ఈ మొత్తమే నిర్ణయిస్తుంది. బస ఖర్చును ఇక్కడి నుంచే ముందుగా చెల్లించగలిగితే నోట్లు భోజనానికీ టాక్సీలకూ మిగులుతాయి. ధాన్యం అమ్మిన సొమ్ము చేతిలో ఉంది కదా అని మొత్తం రూపాయలు నగదుగా ఇచ్చి యూరోలు కొనడం కుదరదు. 50,000 రూపాయలు దాటితే చెక్కు ద్వారానో ఖాతా నుంచో చెల్లించాలి. చిన్న నోట్లు, చిరుగులూ రాతలూ లేనివి అడిగి తీసుకోవాలి. క్యూబాలో 2021 నుంచి పెసో ఒక్కటే అధికారిక కరెన్సీ కాగా, ప్రభుత్వ ధరకూ వీధి ధరకూ తేడా ఉంటుంది. ఆ తేడా చూసి వీధిలో మార్చుకోవడం అక్కడ చట్టవిరుద్ధం.

మన ప్రాంతంలో దాదాపు ప్రతి వీధికీ అమెరికాలో ఒక బంధువు ఉంటాడు కనుక ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి. "మీరు వెళ్లిరండి నాన్నా, టికెట్లు నేను బుక్ చేస్తాను" అని కొడుకు అంటే, వద్దనడమే మేలు. అమెరికా పౌరులకూ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ, అక్కడ నివసించే ఇతరులకూ క్యూబా ఆంక్షలు వర్తిస్తాయి. కుటుంబ సందర్శన, పాత్రికేయం వంటి 12 వర్గాల కారణాలకు అనుమతి ఉన్నా, కేవలం విహారయాత్రకు లేదు. అతడి కార్డుతో చేసిన చెల్లింపును బ్యాంకు ఆపివేయవచ్చు, ఆపకపోతే ఆ తరువాతి ప్రశ్నలకు అతడే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఇక తల్లిదండ్రులు రేపు అమెరికా వీసాకు దరఖాస్తు చేసినప్పుడు, డి.ఎస్.-160 ఫారంలో గడచిన ఐదేళ్లలో తిరిగిన దేశాలన్నీ రాయాలి. క్యూబా పేరు రాసినంత మాత్రాన వీసా నిరాకరించాలన్న నియమం లేదు. దాచిపెడితే మాత్రం ముప్పు తప్పదు. వెంట వచ్చే బంధువులకు బ్రిటన్ పౌరసత్వం ఉంటే వారి సంగతి వేరు: 2021 జనవరి 12 తరువాత క్యూబాలో అడుగుపెట్టిన అటువంటివారు వీసా లేకుండా అమెరికా వెళ్లే సౌకర్యాన్ని కోల్పోతారు.

రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి ఢిల్లీ లేదా ముంబయి చేరుకుని, అక్కడి నుంచి ఇస్తాంబుల్ మీదుగానో ఐరోపా నగరాల మీదుగానో హవానా వెళ్లడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇస్తాంబుల్‌లో విమానాశ్రయం దాటి బయటకు రాకుండా విమానం మారేవారికి వీసా అక్కరలేదు. అయితే రెండు వేర్వేరు టికెట్లు కొని, సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయవలసి వస్తే ఇమిగ్రేషన్ దాటక తప్పదు, అప్పుడు వీసా కావలసి వస్తుంది. ఢిల్లీ నుంచి హవానా వరకూ ఒకే పి.ఎన్.ఆర్. మీద ఉండాలని పట్టుబట్టడం ఇందుకే. టొరంటో మీదుగా వెళ్లాలంటే మనకు ట్రాన్సిట్ వీసా తప్పనిసరి. ఐరోపాలో నియమాలు దేశానికొకటి, అవీ మారుతూ ఉంటాయి కనుక ఆ దేశపు కాన్సులేట్ వెబ్‌సైటులో చూడాలి. పనామా మీదుగా తిరిగి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా పత్రం మరచిపోతే ఇక్కడ దిగాక ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉండవలసి రావచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే ఆ పత్రం చెల్లుతుంది.

వీసా కోసం న్యూఢిల్లీలోని క్యూబా రాయబార కార్యాలయాన్నే సంప్రదించాలి. పూర్వం ఇచ్చిన కాగితపు టూరిస్టు కార్డు స్థానంలో 2025లో ఈ-వీసా వచ్చింది. ప్రయాణానికి ముందు ఏడు రోజుల్లో డి-వియహెరోస్ అనే క్యూబా ఆన్‌లైన్ ప్రవేశ ఫారం నింపి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ముద్రించుకోవాలి.

ఆరోగ్య బీమా 2010 నుంచి తప్పనిసరి. పాలసీ పైన "ప్రపంచమంతటా" అని ఉంటే సరిపోదు. చివరి పుటల్లోని మినహాయింపుల్లో, ఆంక్షలకు గురైన దేశాలకు చెల్లింపు ఉండదన్న వాక్యం ఉందేమో వెతకాలి. ఉంటే, క్యూబాకు వర్తిస్తుందని బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి, లేదా క్యూబా సంస్థ ఆసిస్తుర్ అమ్మే పాలసీ కొనాలి. మందుల కొరత ఉన్న దేశం కనుక బీపీ, షుగరు మాత్రలను ప్రిస్క్రిప్షన్‌తో సహా పూర్తి కాలానికీ, మరో వారానికీ సరిపడా పట్టుకెళ్లాలి. 2024 అక్టోబరు 18న దేశమంతటా కరెంటు పోయింది, ఆ తరువాతా పలుమార్లు పోయింది. ఇంధన కొరత వల్ల విమానాల వేళలు కూడా హఠాత్తుగా మారవచ్చు.

జూన్ నుంచి నవంబరు వరకు అక్కడ హరికేన్ల కాలం. ఇక్కడ జులై, ఆగస్టుల్లో గోదావరి వరద, ఆ తరువాత తీరంలో తుపాన్లు. లంక గ్రామాల వారు ఆ నెలల్లో సూట్‌కేసులతో పడవ ఎక్కవలసి రావచ్చు. డిసెంబరు మూడో వారం నుంచి మార్చి వరకు రెండువైపులా అనుకూలం. ఆ కాలంలోనైనా మధురపూడి నుంచి ఢిల్లీకి విమానం ఒక రోజు ముందుగానే పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ టికెట్ వేరుగా కొన్నదైతే, పొగమంచు వల్ల అది ఆలస్యమై హవానా విమానం తప్పినా డబ్బు తిరిగి ఇచ్చే బాధ్యత రెండు సంస్థలకూ ఉండదు.