డార్కులు దాచుకోండి, ఫ్లాట్లు ఏ రాత్రివి ఆ రాత్రే

టెలిస్కోపుకు కెమెరా తగిలించి తీసిన రాత్రి ఆకాశం ఫొటోలు (లైట్లు) శుభ్రపడాలంటే మరో రెండు రకాల ఫ్రేములు కావాలి. మూత పెట్టి తీసేవి డార్కులు, సెన్సర్ తనంతట పుట్టించే దొంగ వెలుగును తీసేయడానికి. సమానమైన వెలుగు మీద తీసేవి ఫ్లాట్లు, మూలల నీడ, దుమ్ము మచ్చలు పోగొట్టడానికి. సెన్సర్‌ను చల్లబరిచే కూలర్ ఉన్న కెమెరా అయితే ముందు తేల్చుకోవాల్సింది ఉష్ణోగ్రత. మే నెలలో ఇచ్ఛాపురం, బరంపురం వైపు అర్ధరాత్రి దాటినా 28 డిగ్రీల కిందికి దిగడం కష్టం. బయటి గాలి కంటే 35 డిగ్రీలు తగ్గించే కూలరైనా మైనస్ 7 దగ్గర చేతులెత్తేస్తుంది. చలికాలంలో పర్లాకిమిడిలో మైనస్ 10 పెట్టి తీసుకున్న డార్కులు అప్పుడు అక్కరకు రావు. అందుకే ఏడాది పొడుగునా 0 డిగ్రీలకే కట్టుబడటం మేలు. డార్క్ కరెంటు (చీకట్లోనూ వేడి వల్ల సెన్సర్లో పుట్టే ఆ దొంగ వెలుగు) సుమారు 6 డిగ్రీలకోసారి రెట్టింపవుతుంది, అంటే మైనస్ 10తో పోలిస్తే మూడు రెట్లు. ఇప్పటి సీమాస్ సెన్సర్లలో, ఊరి దీపాల వెలుగు ముందు, అది లెక్కలోకి రాదు.

ఎక్స్‌పోజర్, గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు), ఆఫ్‌సెట్ (ప్రతి పిక్సెల్‌కూ కలిపే స్థిర విలువ), ఉష్ణోగ్రత నాలుగూ లైట్లతో కలిసేలా 30 డార్కులు తీయండి. వానాకాలం రాత్రులు ఎలాగూ ఖాళీయే. ప్లాస్టిక్ మూత ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపదు, దాని మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి చీకటి గదిలో పెట్టండి. మొదటి ఫ్రేము సగటు, చివరిదాని సగటు పోల్చి చూడండి. తేడా ఉంటే వెలుతురు దూరుతోంది, లేదా కూలర్ నిలకడగా లేదు. కొత్త హాట్ పిక్సెళ్లు (చీకట్లోనూ వెలిగి కనిపించే చుక్కలు) పుడుతుంటాయి కనుక ఏడాదికోసారి మళ్లీ తీయాలి. కూలర్ లేని డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఈ నిల్వ పద్ధతి పనికిరాదు. లైట్లు అయిన వెంటనే అక్కడే, ఆరుబయటే, మూత పెట్టి 20 తీసుకోవాలి.

ఫ్లాట్ల సంగతి వేరు. కెమెరా కాస్త తిరిగినా, ఫోకస్ ఎక్కువగా కదిలినా, ఫిల్టర్ మీద కొత్త నలుసు పడినా పాతవి చెల్లవు. ట్యూబు మూతికి తెల్ల పంచె నాలుగు మడతలు వేసి ముడతల్లేకుండా బిగించి, పైన ఎల్‌ఈడీ ప్యానెల్ గానీ ట్యాబ్లెట్ గానీ ఆనించండి. 16 బిట్ ఫైల్లో సగటు 25,000–30,000 మధ్య ఉండాలి. ఎక్స్‌పోజర్ ఒకటి రెండు సెకన్లు ఉండేలా చూసుకోండి. మరీ తక్కువైతే ఎల్‌ఈడీ మినుకు చారలుగా పడుతుంది. వెలుగెక్కువైతే మధ్యలో తెల్ల కాగితాలు పెట్టండి. పాతిక ఫ్లాట్లు, అదే ఎక్స్‌పోజర్‌తో మూత పెట్టి పాతిక డార్క్ ఫ్లాట్లు. వీటి బదులు బయస్‌తో, అంటే మూత పెట్టి అతి పొట్టి ఎక్స్‌పోజర్‌తో తీసే ఫ్రేములతో, సరిపెట్టుకోవచ్చు కానీ, ఐఎమ్‌ఎక్స్ 294 లాంటి సెన్సర్లలో అతి పొట్టి ఎక్స్‌పోజర్ల బయస్‌ను నమ్మలేం. తీరం వైపు తెల్లవారేసరికి లెన్సు చెమరుస్తుంది. చెమ్మ మీద తీసిన ఫ్లాటు ముందటి లైట్లకు సరిపడదు.

లెక్క ఇంతే: లైట్‌లోంచి మాస్టర్ డార్క్ (డార్కులన్నిటినీ కలిపిన సగటు) తీసేయాలి, ఫ్లాట్‌లోంచి డార్క్ ఫ్లాట్ తీసేయాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. డార్క్‌లో బయస్ ఇదివరకే ఉంది, విడిగా మళ్లీ తీయకూడదు. తీస్తే మూలలు నల్లబడతాయి. లైట్‌లోంచి డార్క్ అసలు తీయకపోతే మూలలు తెల్లగా వెలుగుతాయి. ఫ్లాట్‌లోంచి డార్క్ ఫ్లాట్ తీయడం మరిస్తే నీడ కొంత మిగిలిపోతుంది. దుమ్ము వలయం పక్కనే తెల్ల వలయం కనిపిస్తే లెక్క సరైనదే, కెమెరా తిరిగింది. కలర్ కెమెరా అయితే డీబేయర్ (పిక్సెళ్ల లెక్కల నుంచి రంగులు కట్టడం) ఇదంతా అయ్యాకే.

ఫైలు పేరులో రకం, ఎక్స్‌పోజర్, గెయిన్, ఆఫ్‌సెట్, ఉష్ణోగ్రత, తేదీ ఈ వరసలో రాయండి. మాస్టర్లను 32 బిట్‌లో దాచండి. మాస్టర్ డార్కులు వేరే ఫోల్డర్లో, మాస్టర్ ఫ్లాట్ మాత్రం ఆ రాత్రి లైట్ల పక్కనే.