సెప్టెంబరు 1కి ముందు: అమెరికాలో గోల్డ్ క్లెయిమ్‌ల మీద కన్నేసిన మనవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

అమెరికాలో మైనింగ్ క్లెయిమ్, అంటే ప్రభుత్వ నేలలో ఖనిజం తవ్వుకునే హక్కు, ఉన్న ప్రతివాళ్లకూ సెప్టెంబరు 1 పెద్ద గడువు. ఏడాదికి కట్టాల్సిన ఫీజు ఆ రోజు లోపల కట్టేయాలి. క్లెయిమ్‌కి 200 డాలర్లు. ఏటి ఇసుకలో, గులకలో ఉండే బంగారం కోసం వేసే ప్లేసర్ క్లెయిమ్ అయితే ప్రతి 20 ఎకరాలకూ 200 చొప్పున. కట్టకపోతే హక్కు పోతుంది. అందుకే సెప్టెంబరు మొదటి వారంలో చాలామంది ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎవరి క్లెయిమ్ చేజారిందా అని వెతుకుతుంటారు. 2025 అక్టోబరులో ఔన్సు బంగారం 4000 డాలర్లు దాటాక మన తెలుగువాళ్ల గ్రూపుల్లోనూ ఈ మాట వినపడుతోంది. శాక్రమెంటో, ఫీనిక్స్ వైపు ఉండేవాళ్లు వీకెండ్ సరదాగా, పళ్లెంలో ఏటి ఇసుక కడిగి బంగారం వెతికే గోల్డ్ ప్యానింగ్‌కి వెళ్లి, "మనమూ ఒక క్లెయిమ్ వేద్దామా" అనే దాకా వస్తున్నారు.

వెతకడానికి పైసా ఖర్చు లేదు. ప్రభుత్వ రికార్డులు చాలావరకు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. చిక్కు వచ్చేది కూడా అక్కడే. ఒక్కో సైటు ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఒక మ్యాప్‌లో ఖాళీ కనిపించగానే మనం అన్ని ప్రశ్నలకూ జవాబు దొరికిందనుకుంటాం.

ముందు మీ వీసా సంగతి చూసుకోండి

మ్యాపులు తెరవకముందే తేల్చుకోవాల్సింది ఇది. 1872 నాటి మైనింగ్ చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం క్లెయిమ్ వేసే అర్హత అమెరికా పౌరులకు, పౌరసత్వానికి ఇప్పటికే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు, అక్కడి చట్టాల కింద ఏర్పడిన కంపెనీలకే ఉంది. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు సొంత పేరున వేయలేరు. గ్రీన్ కార్డు వచ్చినా సిటిజన్‌షిప్‌కి అప్లై చేయనంతకాలం అంతే. "ఎల్ఎల్‌సీ పెట్టి దాని పేరు మీద వేస్తే సరి" అని సలహా ఇచ్చేవాళ్లు గ్రూపుకి ఒకరు ఉంటారు. వీసా మీద ఉండి ఆ దారి పట్టే ముందు అడగాల్సింది ఇమిగ్రేషన్ లాయర్ని, యూట్యూబ్‌ని కాదు.

సరదాకి ప్యానింగ్ చేయడానికి క్లెయిమ్ అక్కర్లేదు. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి బంగారం కనిపించిన కొలోమాలో ఇప్పుడు స్టేట్ పార్కు ఉంది. ఏటి ఒడ్డున వాళ్లు చూపించిన చోట చేతులతో, ప్యాన్‌తో మాత్రం వెతుక్కోనిస్తారు. పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చు, ఏ టెన్షనూ ఉండదు.

ఇంకో సంగతి. ఫెడరల్ క్లెయిమ్‌లు 19 రాష్ట్రాల్లోనే వేయగలం. కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా, ఐడహో, ఒరెగాన్ లాంటివి అందులో ఉన్నాయి. డాలస్ వాళ్లు, న్యూజెర్సీ వాళ్లు, అట్లాంటా వాళ్లు సొంత రాష్ట్రంలో వెతికి లాభం లేదు. జార్జియాలోని డలోనెగాలో బంగారం ఉన్న మాట నిజమే కానీ, అక్కడ డబ్బు కట్టి ప్రైవేటు స్థలంలో ప్యానింగ్ చేసుకోవడమే.

నేల చిరునామా చదవడం నేర్చుకోండి

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం తిరిగే జనాన్ని చూసి పెరిగినవాళ్లకు ఈ కాగితాల గోల వింతగా ఉండొచ్చు. ఇక్కడ మాత్రం కాగితం మీద చోటు పక్కాగా తెలియకపోతే ఒక్క అడుగూ ముందుకు పడదు.

పడమటి రాష్ట్రాల నేలనంతా ఆరు మైళ్ల చదరాలుగా కొలిచారు. ఒక్కో చదరం టౌన్‌షిప్. దాన్ని 36 సెక్షన్లు చేశారు. సెక్షన్ అంటే 640 ఎకరాలు, అందులో పావు 160 ఎకరాలు. సెక్షన్ల నంబర్లు ఈశాన్య మూలలో 1తో మొదలై పడమరకు 6 దాకా వెళ్లి, కింది వరుసలో 7తో మళ్లీ తూర్పుకు తిరుగుతాయి. అలా వంకర్లు పోతూ ఆగ్నేయ మూలలో 36తో ఆగుతాయి. వాస్తు పుణ్యమా అని ఈ దిక్కులు మనకు నోటికి వచ్చినవే. వరుస ఎటు తిరుగుతుందో మరిచిపోకుండా ఉంటే చాలు.

అసలు తప్పు జరిగేది మెరిడియన్, అంటే ఈ చదరాల లెక్క మొదలయ్యే ఆధార రేఖ, దగ్గర. కాలిఫోర్నియాలో మూడు మెరిడియన్లు ఉన్నాయి: మౌంట్ డయాబ్లో, సాన్ బెర్నార్డినో, హంబోల్ట్. టౌన్‌షిప్ 16 ఉత్తరం, రేంజ్ 10 తూర్పు (లెక్క మొదలైన చోటి నుంచి ఉత్తరానికి 16వ చదరం, తూర్పుకు 10వ చదరం) అని కొట్టి మౌంట్ డయాబ్లో ఎంచుకుంటే సియెరా కొండల్లోకి వెళ్తారు. అవే నంబర్లకు సాన్ బెర్నార్డినో ఎంచుకుంటే మొహావీ ఎడారిలో తేలుతారు. సైటు ఏ ఎర్రరూ చూపించదు, రెండూ ఉన్న చోట్లే కాబట్టి.

జీపీఎస్ దగ్గరా ఇలాంటిదే ఒకటుంది. కొండలు, వాగులు చూపే పాత టోపో మ్యాపులు 1927 డేటమ్, అంటే చోటు అంకెలకు ఆధారమైన పాత కొలత, మీద గీసినవి. ఫోను చూపించేది కొత్త లెక్క. కాలిఫోర్నియాలో ఈ రెంటికీ తేడా 80 నుంచి 100 మీటర్ల దాకా వస్తుంది. లోడ్ క్లెయిమ్, అంటే రాతి పొరలోని ఖనిజం కోసం వేసేది, 1500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు దాటకూడదు. 600 అడుగులంటే 183 మీటర్లు. డేటమ్ మార్చకుండా పాత మ్యాప్ అంకెలు ఫోన్లో కొడితే సగం వెడల్పు పక్కవాడి చోట్లోకి జరిగిపోతారు.

ఎంఎల్ఆర్ఎస్‌లో ఖాళీ అంటే ఖాళీ అని కాదు

ప్రభుత్వ భూముల్ని చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్ఎం అంటారు, క్లెయిమ్‌ల రికార్డు అంతా ఎంఎల్ఆర్ఎస్ అనే సైటులో పెట్టింది. పాత వీడియోల్లో ఎల్ఆర్2000 అని చూపిస్తుంటారు. అది ఇప్పుడు లేదు, దాని జోలికి వెళ్లకండి. ఎంఎల్ఆర్ఎస్‌లో ఒక్కో క్లెయిమ్‌కీ రాష్ట్రం పేరులోని రెండక్షరాలతో మొదలయ్యే సీరియల్ నంబరు ఉంటుంది. యజమాని, వేసిన తేదీ, ఫీజు కట్టిన వివరం, యాక్టివా క్లోజ్డా అన్నవి తెలుస్తాయి.

మ్యాప్ మాత్రం క్లెయిమ్ అసలు హద్దుల్ని చూపించదు. క్లెయిమ్ పడిన పావు సెక్షన్ మొత్తానికి రంగు వేస్తుంది. 160 ఎకరాల్లో 20 ఎకరాల ప్లేసర్ క్లెయిమ్‌లు ఎనిమిది పడతాయి. అందులో ఒక్కటే ఉన్నా అంతా నిండిపోయినట్టు కనిపిస్తుంది. అది పెద్ద నష్టం కాదు, మహా అయితే ఒక మంచి చోటు వదులుకుంటారు. రంగు లేని చోటే ప్రమాదం. ఎవరైనా నేల మీద గుంజలు పాతి క్లెయిమ్ వేశాక బీఎల్ఎంకి కాగితాలు పంపడానికి 90 రోజుల టైముంది. ఆ 90 రోజులూ కంప్యూటర్లో ఏమీ ఉండదు. హక్కు మాత్రం ముందు వేసినవాళ్లదే.

సెప్టెంబరులో ఇది ఇంకా ముదురుతుంది. గడువు లోపల పోస్టు ముద్ర పడి, 15 రోజుల్లో ఆఫీసుకి చేరిన చెక్కు చెల్లుతుంది. పది క్లెయిమ్‌లు, అంతకంటే తక్కువ ఉండి చిన్నస్థాయిలో తవ్వుకునేవాళ్లు ఫీజు కట్టకుండా అదే గడువు లోపల మినహాయింపు కోరవచ్చు. ఏడాదికి క్లెయిమ్‌కి 100 డాలర్ల విలువైన పని చేసినట్టు డిసెంబరు 30 లోగా అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. మినహాయింపు కాగితంలో లోపముంటే బీఎల్ఎం నోటీసు ఇచ్చి, సరిదిద్దుకోవడానికి 60 రోజులిస్తుంది. ఇవన్నీ తేలి, సిబ్బంది ఎక్కించి, స్టేటస్ మారేసరికి నెలలు పడుతుంది. సెప్టెంబరు 2న సైటులో "ఫీజు అందలేదు" అన్నట్టు కనిపించిందని గునపం పట్టుకుని బయల్దేరితే, యజమాని పాత చెక్కు రసీదు చేత్తో పట్టుకుని ఎదురొస్తాడు. క్లోజ్డ్ అని పడ్డాక కూడా అప్పీలుకు 30 రోజుల వ్యవధి ఉంటుంది. నా మటుకు నేను క్రిస్మస్ దాటేదాకా సెప్టెంబరు ఖాళీలను నమ్మను.

నేల ఎవరిదో వేరే చోట చూడాలి

ఎంఎల్ఆర్ఎస్ క్లెయిమ్‌ల సంగతే చెబుతుంది. నేల క్లెయిమ్‌లకు తెరిచి ఉందా లేదా అన్నది మాస్టర్ టైటిల్ ప్లాట్ అనే ప్రభుత్వ భూమి పటం చూసి తెలుసుకోవాలి. బీఎల్ఎం సైటులోనే టౌన్‌షిప్‌కి ఒకటి చొప్పున ఉచితంగా దొరుకుతుంది. చూడగానే కళ్లు తిరుగుతాయి. సన్నని గీతలు, పొట్టి అక్షరాలు, ఒకదాని మీద ఒకటి. ఓపిగ్గా మీ పావు సెక్షన్ వెతికి పట్టుకుని, అందులో రాసిన ప్రతి నంబరూ నోట్ చేసుకోండి. పేటెంట్ (ప్రభుత్వం నేలను సొంతానికి రాసిచ్చిన పట్టా) నంబరు ఉంటే ఆ నేల ఎప్పుడో ప్రైవేటు పరమైంది. ఆ పేటెంట్ స్కాన్ కాపీ పాత భూమి పత్రాలుండే జీఎల్ఓ రికార్డ్స్ సైటులో చూడొచ్చు. విత్‌డ్రా అయిన నేల అని ఉంటే కొత్త క్లెయిమ్ కుదరదు. నేషనల్ పార్కులు, వైల్డర్‌నెస్ ప్రాంతాలు, కొన్ని నదుల ఒడ్లు ఇలా మూసేసినవే.

పేటెంట్ కాపీని కింద దాకా చదవండి. పశువులు పెంచుకునేవాళ్లకు నేలలు పంచిన 1916 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఇచ్చిన నేలల్లో పైనున్న భూమి రైతుది, కిందున్న ఖనిజం ప్రభుత్వానిది. "అయితే ఖనిజం ప్రభుత్వానిదే కదా, వేసేయొచ్చు" అని గేటు తీసుకుని లోపలికి వెళ్తే గొడవే. ముందుగా బీఎల్ఎంకి నోటీసు దాఖలు చేసి, భూమి యజమానికి తెలియజేసి, 30 రోజులు ఆగాలని 1993 నుంచి రూలు.

తర్వాత కౌంటీ రికార్డర్. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదే. క్లెయిమ్ నోటీసు, దాని స్కెచ్ మ్యాప్ ఇక్కడా నమోదవుతాయి. అసలు హద్దులు, ఏ బండ దగ్గర్నుంచి ఎన్ని అడుగులు అన్న లెక్క ఆ నోటీసులోనే దొరుకుతుంది. చాలా కౌంటీలు ఇండెక్స్ ఉచితంగా చూడనిస్తాయి, కాపీకి మాత్రం కొంచెం ఛార్జ్ చేస్తాయి. ఆ నాలుగు డాలర్ల దగ్గర పిసినారితనం వద్దు.

బంగారం ఎక్కడుందని చెప్పే మ్యాపులు

అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల ఎంఆర్‌డీఎస్ డేటాబేస్‌లో పాత గనులు చుక్కలుగా కనిపిస్తాయి. చుక్క ఉన్నచోటే గని ఉందనుకోకండి. కొన్ని చుక్కలు బాగా దూరంగా పడ్డాయి. పైగా 2011 తర్వాత దాన్ని క్రమంగా అప్‌డేట్ చేయడం మానేశారు. ఊరి పేరు, ఖనిజం పేరు పట్టుకోవడానికి వాడుకోండి, నడిచి వెళ్లడానికి కాదు. నెవాడా వైపు వెతికేవాళ్లకు రీనోలోని నెవాడా బ్యూరో ఆఫ్ మైన్స్ అండ్ జియాలజీ స్కాన్ చేసి పెట్టిన మైనింగ్ జిల్లాల ఫైళ్లు నిజంగా పెద్ద నిధి. పాత ఇంజనీర్ల ఉత్తరాలు, గని లోపలి పటాలు కూడా ఉంటాయి. నా లెక్కన ఆ ఒక్క సైటులో రాత్రంతా గడిపేయొచ్చు.

టోపోవ్యూ అనే సైటులో దొరికే పాత టోపో మ్యాపులు వేరే పనికి కూడా కావాలి. అడ్డంగా తవ్విన సొరంగానికి వై ఆకారం గుర్తు, నిలువు బావికి సగం నల్లగా నింపిన చిన్న చదరం, తవ్వి వదిలేసిన గుంతకు ఇంటూ గుర్తు. వెళ్లే ముందు మీరు నడిచే దారిలో ఈ గుర్తులన్నీ ఫోన్లోకి ఎక్కించుకోండి. నిలువు బావుల మీద కప్పిన పలకలు కుళ్లిపోయి, వాటి మీద గడ్డి మొలిచి ఉంటుంది. సొరంగాల్లో ఆక్సిజన్ లేని గాలి ఉండొచ్చు, ముక్కుకి వాసన కూడా తెలియదు. ఫొటో కోసం కూడా లోపలికి వెళ్లొద్దు.

అమ్ముతామనే వాళ్లతో

"20 ఎకరాలు, ఏటి ఒడ్డు, 3000 డాలర్లే" అనే ప్రకటనలకు ఈ సీజన్లో కొదవుండదు. ఫొటోలో ప్యాన్ నిండా మెరుపులుంటాయి. క్లెయిమ్ కొంటే నేల మీదవదు. ఖనిజం తవ్వుకునే హక్కు మాత్రం వస్తుంది. ఇల్లు కట్టుకోలేరు, అటుగా నడిచి వెళ్లేవాళ్లని ఆపలేరు. క్లెయిమ్‌ను సొంత భూమిగా మార్చే పేటెంట్లకు కొత్త దరఖాస్తులు తీసుకోవడం 1994 అక్టోబరు నుంచి ఆగిపోయింది. "పేటెంట్ చేయించుకోవచ్చు" అని ఎవరన్నా అంటే అక్కడితో ఫోను పెట్టేయండి.

వాళ్లిచ్చే కాగితం సాధారణంగా క్విట్‌క్లెయిమ్ డీడ్. నాకున్న హక్కేదో నీకు రాసిస్తున్నాను, అసలు ఉందో లేదో నా పూచీ లేదు అని దాని అర్థం. డబ్బు పంపకముందే సీరియల్ నంబరు అడగండి. ఇవ్వడానికి నసిగితే అదే జవాబు. ఇస్తే ఎంఎల్ఆర్ఎస్‌లో యజమాని పేరు, ఈ ఏటి ఫీజు చూసి, కౌంటీ నోటీసుతో పోల్చండి. సెప్టెంబరు 1కి వారం ముందు అమ్మేవాళ్లు ఆ ఏడాది ఫీజు మీ నెత్తిన వేస్తున్నారన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

చోటికి వెళ్లాక

కొండల్లో సిగ్నల్ ఉండదు. ప్లాట్, నోటీసు కాపీ, మ్యాప్ ప్రింట్ తీసుకెళ్లండి. ముందు చుట్టూ తిరిగి గుంజలు, రాళ్ల కుప్పలు, వాటికి కట్టిన సీసాలో చుట్టి పెట్టిన కాగితం ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే తీసి చదివి, తేదీ ఫొటో తీసుకుని, ఉన్నది ఉన్నట్టు పెట్టేయండి. ఆ తేదీ మీ కంప్యూటర్‌కి ఇంకా తెలియకపోవచ్చు.

సియెరా కొండల వాగుల్లో పాతకాలంలో బంగారం పట్టడానికి వాడిన పాదరసం ఇంకా ఉంది. ప్యాన్‌లో వెండిలా మెరిసే పూసలు, తెల్లబడ్డ బంగారం కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టుకోకండి. ఇంటికి తెచ్చి వేడి చేయడం అసలే వద్దు. మూత ఉన్న సీసాలో వేసి కౌంటీ హజర్డస్ వేస్ట్ సెంటర్లో ఇచ్చేయండి. కాలిఫోర్నియాలో మోటారుతో ఏటి అడుగు ఇసుక పీల్చే డ్రెడ్జింగ్ 2009 నుంచి ఆపేశారు కాబట్టి, ఎవరైనా ఆ మెషిన్ చవగ్గా అమ్ముతామంటే ఎందుకో అర్థం చేసుకోండి.

ఎవరైనా వచ్చి "ఇది నా క్లెయిమ్" అంటే మాట పెంచకండి. మారుమూల చోట తుపాకీ ఉన్నవాళ్లూ ఉంటారు. సీరియల్ నంబరు అడిగి రాసుకుని, సామాను సర్దుకుని బయటకు వచ్చేయండి. సోమవారం ఆ నంబరు సైటులో కొట్టి, అప్పటికీ తేలకపోతే ఆ ప్రాంతం బీఎల్ఎం ఆఫీసుకి ఫోన్ చేస్తే వాళ్లే ఫైలు చూసి చెబుతారు.